ఎదుటి మనసు కంటికి కనిపిస్తుందా, మాటలో వినిపిస్తుందా?

ముఖం చూసి మనసులో ఏముందో పసిగట్టడం నేర్పుతామనే పుస్తకాలకూ, వీడియోలకూ, శిక్షణ తరగతులకూ మన దగ్గర కొదవ లేదు. చేతులు కట్టుకుంటే ఒక అర్థమనీ, చూపు పక్కకు తిప్పితే ఇంకొక అర్థమనీ, మాట్లాడుతూ ముక్కు తడుముకుంటే అబద్ధమనీ అవి చెబుతాయి. ఉద్యోగపు ఇంటర్వ్యూకు వెళ్ళే యువకుల నుంచి పెళ్ళిచూపులకు బయలుదేరే పెద్దల వరకు వీటిని నమ్మేవారు చాలామందే ఉన్నారు. కానీ గత నాలుగు దశాబ్దాలకు పైగా మనస్తత్వ శాస్త్రంలో ఈ విషయం మీద జరిగిన పరిశోధనను వరుసగా చదివితే బోధపడేది దాదాపు ఇందుకు విరుద్ధం. ఎదుటివారి మనసును అర్థం చేసుకునే శక్తిలో కంటి పాత్ర మనం అనుకునేదానికంటే చాలా తక్కువ. ఆ శక్తి ఎక్కువగా మాట వల్ల పెరుగుతుంది, మాట కరవైన చోట కుంటుపడుతుంది.

ఈ పరిశోధనకు నాంది పలికినది ఒక చింపాంజీ. 1978లో డేవిడ్ ప్రెమాక్, గై వుడ్రఫ్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు సారా అనే చింపాంజీకి కొన్ని వీడియోలు చూపించారు. వాటిలో ఒక మనిషి అందని అరటిపండ్ల కోసం అవస్థ పడటం వంటి చిక్కులు ఉన్నాయి. తరువాత కొన్ని ఫోటోలు ఇస్తే, సారా చాలాసార్లు ఆ చిక్కును పరిష్కరించే ఫోటోనే ఎంచుకుంది. ఆ మనిషికి ఏం కావాలో చింపాంజీకి అర్థమైందని వాదిస్తూ, ఈ శక్తికి వారు 'మనసును గురించిన సిద్ధాంతం' అని పేరు పెట్టారు. సిద్ధాంతం అనడానికి కారణం ఉంది. ఎదుటివారి కోరిక, నమ్మకం, ఉద్దేశం ఎవరికీ కనిపించవు. అవి ఉన్నాయని మనమే ఊహించుకుని, ఆ ఊహ ఆధారంగా వాళ్ళు తరువాత ఏం చేస్తారో అంచనా వేస్తాం. కనిపించని దానిని బట్టి కనిపించబోయే దానిని చెప్పడం సిద్ధాంతం చేసే పనే కదా.

అయితే తత్త్వవేత్తలు వెంటనే ఒక లోపం పట్టుకున్నారు. ఆ స్థితిలో తానైతే ఏం చేస్తుందో సారా ఆ ఫోటోనే ఎంచుకుని ఉండవచ్చు. ఎదుటి మనిషి మనసుతో దానికి పని పడి ఉండకపోవచ్చు. ఈ రెండింటినీ వేరు చేయాలంటే ఎదుటివాడు నమ్మేది ఒకటి, చూసేవాడికి తెలిసిన నిజం వేరొకటి అయిన సందర్భం కావాలి. అంటే పొరపాటు నమ్మకం ఉన్న కథ కావాలి.

ఆ కథను 1983లో ఆస్ట్రియాకు చెందిన హైంజ్ విమ్మర్, జోసెఫ్ పెర్నర్ తయారు చేశారు. మాక్సీ అనే పిల్లవాడు చాక్లెట్‌ను ఒక అల్మారాలో పెట్టి ఆడుకోవడానికి వెళతాడు. వాడు లేనప్పుడు తల్లి కేకు కోసం అందులోంచి కొంత తీసుకుని, మిగిలినది ఇంకొక అల్మారాలో పెడుతుంది. మాక్సీ తిరిగి వచ్చి చాక్లెట్ కోసం ఎక్కడ వెతుకుతాడు? పెద్దలకు ఇది ప్రశ్నే కాదు. కానీ మూడు, నాలుగేళ్ళ మధ్య పిల్లల్లో ఒక్కరు కూడా సరిగా చెప్పలేకపోయారు. నాలుగు నుంచి ఆరేళ్ళ వారిలో 57 శాతం, ఆరు నుంచి తొమ్మిదేళ్ళ వారిలో 86 శాతం మంది సరైన అల్మారాను చూపించారు. చిన్నపిల్లల జవాబులో తడబాటు లేకపోవడం నాకు అన్నిటికంటే ఆసక్తికరంగా తోస్తుంది. ఇప్పుడు చాక్లెట్ ఉన్న చోటనే మాక్సీ వెతుకుతాడని వారు ధీమాగా చెబుతారు. లోకంలో ఉన్నదే అందరి మనసుల్లోనూ ఉంటుందన్నది వారి లెక్క. మనసు అనేది లోకానికి వేరుగా, ఒక్కొక్కరి దగ్గర ఒక్కొక్క రకంగా ఉండే చిత్రమని వారికి ఇంకా తెలియదు.

ఇదే విషయాన్ని మరొక రకంగానూ పరీక్షించారు. మిఠాయి డబ్బా చూపించి, లోపల ఏముందని అడిగితే పిల్లవాడు మిఠాయి అంటాడు. మూత తీస్తే పెన్సిళ్ళు ఉంటాయి. మన ఇళ్ళల్లో బిస్కెట్ల డబ్బా ఆశగా తెరిచి సూదీ దారం చూసిన పిల్లలందరికీ ఈ అనుభవం తెలుసు. మళ్ళీ మూత పెట్టి, 'తెరవకముందు ఇందులో ఏముందనుకున్నావు?' అని అడిగితే చాలామంది మూడేళ్ళ పిల్లలు 'పెన్సిళ్ళు' అనే చెబుతారు. క్షణం కిందట తాము పొరబడ్డామన్న సంగతి కూడా వారికి అందదు. ఎదుటివారి మనసే కాదు, నిన్నటి తన మనసు కూడా నేర్చుకుని తెలుసుకోవలసినదేనని ఈ ఫలితం చెబుతుంది.

ఇంతమాత్రాన పసిపిల్లలకు ఇతరుల మనసు గురించి ఏమీ తెలియదనుకోకూడదు. ఉద్దేశాలూ కోరికలూ నమ్మకాల కంటే ముందే అందుతాయి. 1995లో ఆండ్రూ మెల్ట్‌జాఫ్ చేసిన ప్రయోగంలో ఒక పెద్దమనిషి ఒక బొమ్మను రెండు ముక్కలుగా లాగబోయి, చేయి జారి విఫలమవుతాడు. అది చూసిన పద్దెనిమిది నెలల పిల్లలు ఆ జారడాన్ని అనుకరించలేదు. ఆయన చేయాలనుకున్న పనిని పూర్తి చేసి చూపించారు. 1997లో బెట్టీ రెపకోలీ, ఆలిసన్ గాప్నిక్ చేసిన ప్రయోగంలో పెద్దావిడ బ్రకోలీ (కాలీఫ్లవర్ వంటి ఆకుపచ్చ కూరగాయ) తిని ఎంతో ఇష్టపడినట్లు, బిస్కెట్లు తిని మొహం వికారంగా పెట్టినట్లు చూపించి, 'నాకు కొంచెం పెట్టు' అని చేయి చాపింది. పద్నాలుగు నెలల పిల్లలు తమకిష్టమైన బిస్కెట్లే ఇచ్చారు. పద్దెనిమిది నెలల వారు మాత్రం తమకు నచ్చకపోయినా ఆమెకు బ్రకోలీ అందించారు. నాకు నచ్చనిది నీకు నచ్చవచ్చునన్న గ్రహింపు ఆ నాలుగు నెలల తేడాలో వచ్చి చేరింది.

2005లో క్రిస్టీన్ ఒనిషీ, రెనీ బయార్జాన్ అంతకంటే పెద్ద మాట చెప్పారు. పదిహేను నెలల పిల్లలు కూడా, పొరపాటు నమ్మకం ఉన్న మనిషి ఆ నమ్మకానికి విరుద్ధంగా వెతికితే ఆశ్చర్యపోయినట్లు ఎక్కువసేపు చూస్తారని వారు నివేదించారు. ఇది నిజమైతే నాలుగేళ్ళ మలుపు అన్న మాటే తప్పవుతుంది. అయితే చూపును కొలిచి చేసిన ఈ తరహా ప్రయోగాలు కొన్నింటిని ఇతర ప్రయోగశాలలు తిరిగి చేసినప్పుడు అవే ఫలితాలు రాలేదు. వాదన ఇంకా తేలలేదు. పసితనంలోనే ఏదో ఒక మొలక ఉందనీ, దానిని గుర్తెరిగి, మాటలో పెట్టి, వాడుకోగల స్థితి నాలుగో ఏటికి గానీ రాదనీ అనుకోవడం నాకు సబబుగా కనిపిస్తుంది.

ఆ మలుపు ఎలా వస్తుందన్నదే అసలు ప్రశ్న. ఇక్కడ మన భాషను కాస్త ఆగి చూడటం మంచిది. తెలుగులో తలపోయడానికి రోజూ వాడే మాట 'అనుకొను'. అది 'అను', 'కొను' అనే రెండు ధాతువుల కలయిక: తనలో తాను అనడం. మనసులో జరిగే పనికి మన భాష లోపలి మాట అనే పేరు పెట్టింది. పైగా ఆ మాట పొరపాటు వైపే ఒరుగుతుంది. 'నువ్వు వచ్చావనుకున్నాను' అంటే వినేవాడికి రాలేదనే అర్థమవుతుంది. దానితోపాటు 'అని' అనే చిన్న పదం చేసే పనినీ గమనించాలి. 'డబ్బాలో బిస్కెట్లు ఉన్నాయని పాప అనుకుంది' అన్న వాక్యంలో 'డబ్బాలో బిస్కెట్లు ఉన్నాయి' అన్నది అబద్ధం, వాక్యం మొత్తం మాత్రం నిజం. అబద్ధాన్ని కడుపులో పెట్టుకుని తాను నిజంగా ఉండగలిగే వాక్యమిది. అమెరికన్ భాషాశాస్త్రవేత్త జిల్ డి విలియర్స్ వాదన సరిగ్గా ఈ వాక్య నిర్మాణం మీదనే నిలుస్తుంది. ఒక వాక్యంలో ఇంకొక వాక్యాన్ని పొదిగి, లోపలిదాని నిజానిజాలను బయటిదాని నుంచి వేరు చేయగలిగినప్పుడే, మనిషి మనసులోని చిత్రాన్ని లోకం నుంచి వేరు చేయడం పిల్లలకు సాధ్యమవుతుందని ఆమె అంటారు. 2003లో హైడెమరీ లోమన్, మైకేల్ టోమసెల్లో మూడేళ్ళ జర్మన్ పిల్లలకు ఇటువంటి వాక్యాలతోను, ఒక వస్తువు చూడటానికి ఒకలా ఉండి నిజానికి ఇంకొకటి కావడం గురించిన సంభాషణతోను శిక్షణ ఇచ్చారు. ఆ పిల్లలు పొరపాటు నమ్మకపు పరీక్షలో మెరుగయ్యారు. మాటలు లేకుండా వస్తువులు మాత్రమే చూపిస్తే ఆ మేలు కనిపించలేదు.

దీనికి అన్నిటికంటే బలమైన సాక్ష్యం వినికిడి లేని పిల్లల నుంచి వచ్చింది. 1995లో ఆస్ట్రేలియాలో కాండిడా పీటర్సన్, మైకేల్ సీగల్ చేసిన అధ్యయనంలో, వినగలిగే తల్లిదండ్రులకు పుట్టిన బధిర పిల్లలు ఈ పరీక్షలో తమ ఈడు పిల్లల కంటే ఎంతో వెనుకబడి కనిపించారు. వారి తెలివిలో లోపం లేదు. బధిరులైన తల్లిదండ్రులకు పుట్టి, పుట్టుకతోనే సంజ్ఞాభాష అబ్బిన పిల్లలు తక్కిన పిల్లలతో సమానంగా రాణిస్తారని తరువాతి అధ్యయనాలు చూపించాయి. తేడా చెవిలో లేదు, ఇంట్లో జరిగే సంభాషణలో ఉంది. సంజ్ఞాభాష రాని ఇంట్లో పెరిగే బధిర బిడ్డకు అన్నం, నీళ్ళు, చొక్కా, పద వంటివి సైగలతో అందుతాయి. 'నువ్వు దాచేశావని అన్నయ్య అనుకున్నాడు, అందుకే కోప్పడ్డాడు' అన్నది మాత్రం సైగకు అందదు. ఆ బిడ్డ అన్నయ్య ముఖంలోని కోపాన్ని చక్కగా చూస్తుంది; దాని వెనుక ఉన్న తలంపు మాత్రం ఆమెకు చేరదు. కన్ను ఒక్కటే ఎంత దూరం తీసుకుపోగలదో ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

నికరాగువాలో ఇదే సంగతి ఒక తరం మొత్తానికి జరిగింది. ఆ దేశంలో 1970ల దాకా బధిరులు ఎక్కువగా ఎవరి ఇంట్లో వారు ఒంటరిగా పెరిగేవారు. 1977లో రాజధాని మనాగ్వాలో ప్రత్యేక పాఠశాల మొదలైన తరువాత, అక్కడ చేరిన పిల్లలు ఎవరూ నేర్పకుండానే తమలో తాము ఒక కొత్త సంజ్ఞాభాషను పుట్టించుకున్నారు. మొదటి తరం పిల్లల భాష సరళంగా ఉండేది. వారి తరువాత వచ్చిన చిన్నవారు దానిని ఇంకా సంపన్నం చేశారు. జెనీ పయర్స్, ఆన్ సెంగాస్ ఈ రెండు తరాల వారినీ పెద్దయ్యాక పరీక్షించి 2009లో ఫలితాలు ప్రకటించారు. అనుకోవడం, తెలియడం వంటి మానసిక క్రియలకు సంజ్ఞలు మొదటి తరం వారి మాటల్లో అరుదుగా ఉండేవి. పొరపాటు నమ్మకాన్ని గుర్తించే పరీక్షలో వారు తమకంటే చిన్నవారైన రెండవ తరం కంటే వెనుకబడ్డారు. వారు పనులు చేసుకుంటూ, తోటివారితో మసలుతూ బతుకుతున్న పెద్దలు. లోకాన్ని వారు చూసినంత కాలం రెండవ తరం చూడనేలేదు. తరువాతి రెండేళ్ళలో చిన్నవారితో కలిసి మెలిసి ఉండటం వల్ల ఆ క్రియల సంజ్ఞలు వారి వాడుకలోకి వచ్చాయి. మళ్ళీ పరీక్షిస్తే వారి అవగాహన కూడా పెరిగింది.

మన రెండు రాష్ట్రాల్లోనూ ఆరోగ్యశ్రీ పథకం కింద వినికిడి లేని చిన్నపిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ (చెవి లోపల అమర్చే వినికిడి సాధనం) శస్త్రచికిత్సలు జరిగాయి. ఆ తరువాత ఇచ్చే స్పీచ్ థెరపీలో వస్తువుల పేర్లు, శబ్దాలు, ఆజ్ఞలు నేర్పడం మీద తల్లిదండ్రుల దృష్టి ఎక్కువగా నిలవడం సహజమే. బిడ్డ 'అమ్మ' అంటే చాలునని ఎదురు చూసిన ఇల్లు అది. కానీ పైన చెప్పిన సాక్ష్యమంతా ఆ పిల్లలకు 'ఎందుకంటే వాడు అలా అనుకున్నాడు' అనే మాట కూడా అంతే అవసరమని గట్టిగా చెబుతోంది. వినికిడి యంత్రం పెట్టుకున్నా, సంజ్ఞలు నేర్చుకున్నా ఆ మాట ఏదో ఒక దారిలో ఆ బిడ్డకు అందాలి.

వినగలిగే పిల్లల ఇళ్ళల్లోనూ ఇదే సూత్రం పనిచేస్తుంది. పిల్లలతో బొమ్మలు చూస్తూ మాట్లాడేటప్పుడు ఎవరికి ఏం తెలుసు, ఎవరికి ఏం కావాలి, ఎవరు ఏమనుకున్నారు అన్న ప్రస్తావన ఎక్కువగా తెచ్చే తల్లుల పిల్లలకు ఈ అవగాహన తరువాత మెరుగ్గా ఉంటుందని టెడ్ రఫ్‌మన్, ఆయన సహచరులు 2002లో చూపించారు. మన నానమ్మలు, అమ్మమ్మలు చెప్పే కోతి–మొసలి కథ ఈ కోణంలో ఎంత చక్కని పాఠమో చూడండి. గుండెను చెట్టు మీదే మరిచిపోయి వచ్చానని కోతి అంటుంది. అది అబద్ధమని కోతికి తెలుసు, వినే పిల్లకు తెలుసు, మొసలికి తెలియదు. తన తలలోని నిజాన్ని అలాగే ఉంచుకుని మొసలి తలలోని అబద్ధాన్ని విడిగా పట్టుకోగలిగితేనే ఆ పిల్లకు నవ్వు వస్తుంది. మూడేళ్ళ పిల్ల కథను శ్రద్ధగా వింటుంది. ఐదేళ్ళ పిల్ల మొసలి వెనక్కి తిరిగే చోటికి ముందే నవ్వడం మొదలుపెడుతుంది.

ఈ ఎదుగుదల అన్ని సమాజాల్లోనూ ఒకే వయసులో జరుగుతుందా అన్న ప్రశ్నకు తారా కల్లహన్, ఆమె సహచరులు 2005లో కెనడా, భారతదేశం, పెరూ, సమోవా, థాయిలాండ్ పిల్లలను పరీక్షించి, మూడు నుంచి ఐదేళ్ళ మధ్యే మార్పు వస్తుందని చెప్పారు. అయితే మెట్ల వరుస మాత్రం సంస్కృతిని బట్టి మారుతుంది. అమెరికా, ఆస్ట్రేలియా పిల్లలకు 'ఒకే విషయం మీద ఇద్దరి అభిప్రాయాలు వేరుగా ఉండవచ్చు' అన్నది ముందుగా అందుతుంది. చైనా, ఇరాన్ పిల్లలకు 'ఒకరికి తెలిసినది ఇంకొకరికి తెలియకపోవచ్చు' అన్నది ముందుగా అందుతుంది. పిల్లలు పెద్దలతో విభేదించడాన్ని ఇల్లు ఎంతవరకు స్వాగతిస్తుంది, జ్ఞానాన్ని పెద్దల నుంచి స్వీకరించడానికి ఎంత విలువ ఇస్తుంది అన్నవి ఇందుకు కారణం కావచ్చునని పరిశోధకుల ఊహ. మన ఇళ్ళు ఈ రెండింటిలో దేనికి దగ్గరో పాఠకులే చెప్పగలరు.

తోటివారితో మసలే తీరు, మాట్లాడే తీరు పుట్టుక నుంచే భిన్నంగా ఉండే ఆటిజం ప్రస్తావన లేకుండా ఈ విషయం ముగియదు, అది జాగ్రత్తగా చెప్పవలసిన భాగం కూడా. 1985లో సైమన్ బారన్-కోహెన్, ఆలన్ లెస్లీ, ఊటా ఫ్రిత్ ఇటువంటి పరీక్షనే బొమ్మలతో చేసినప్పుడు, ఆటిజం ఉన్న 20 మంది పిల్లల్లో 16 మంది తప్పారు. పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదల నెమ్మదించే డౌన్ సిండ్రోమ్ ఉన్న 14 మందిలో 12 మంది నెగ్గారు. ఆ ఫలితం నుంచి ఆటిజం ఉన్నవారు ఇతరుల మనసు చూడలేరన్న మాట బయలుదేరి, దశాబ్దాల పాటు వారిని బాధించింది. నెగ్గిన ఆ నలుగురిని ఆ మాట మరిచిపోయింది. తానూ ఆటిజం ఉన్నవాడైన బ్రిటిష్ పరిశోధకుడు డేమియన్ మిల్టన్ 2012లో దీనికి గట్టి జవాబు ఇచ్చారు. అర్థం కాకపోవడం ఇరువైపులా ఉందనీ, ఆటిజం లేనివారు కూడా ఆటిజం ఉన్నవారి మనసును సరిగా చదవలేకపోతున్నారనీ ఆయన అన్నారు. 2020లో కేథరిన్ క్రాంప్టన్ బృందం ఒకరి నుంచి ఇంకొకరికి కథ చేరవేసే ఆటతో దీనిని పరీక్షించింది. అందరూ ఆటిజం ఉన్నవారే అయిన వరుసలో కథ, అందరూ ఆటిజం లేనివారే అయిన వరుసలో ఎంత నిలిచిందో అంతే నిలిచింది. రెండు రకాల వారినీ కలిపిన వరుసలోనే ఎక్కువగా జారిపోయింది.

ఇక పెద్దలమైన మన సంగతి. మాక్సీ పరీక్ష నెగ్గినంత మాత్రాన మూడేళ్ళ నాటి అలవాటు మనలో చచ్చిపోదు. 1990లో స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ న్యూటన్ కొందరిని అందరికీ తెలిసిన పాటల దరువును బల్ల మీద వేళ్ళతో వేయమన్నారు. వినేవారిలో సగం మంది పాటను గుర్తుపడతారని దరువు వేసినవారి అంచనా. నిజానికి 120 పాటల్లో గుర్తుపట్టినవి మూడే. దరువు వేసేవారి తలలో పాట మోగుతూనే ఉంటుంది గనుక, ఎదుటివారికి టకటకలు తప్ప ఏమీ వినిపించడం లేదన్న సంగతి వారికి ఊహకు రాదు. తనకు అరటిపండు ఒలిచినట్లున్న లెక్క పిల్లవాడికి ఎందుకు అర్థం కాదని విసుక్కునే ఉపాధ్యాయుడిదీ ఇదే స్థితి.

ముఖాలు చదవడంలో మన శక్తి మీద మనకున్న నమ్మకం కూడా ఇటువంటిదే. చార్ల్స్ బాండ్, బెల్లా డిపౌలో 2006లో ఎన్నో అధ్యయనాలను కలిపి లెక్కించినప్పుడు, అబద్ధాన్నీ నిజాన్నీ వేరు చేయడంలో సుమారు 25,000 మంది సగటున 54 శాతం మాత్రమే సరిగా చెప్పగలిగారు. నాణెం ఎగరేస్తే 50 శాతం వస్తుంది. హావభావాలను గుర్తించడంలో కూడా మనం మన సమూహం వారి ముఖాలను కొంత మెరుగ్గా, పరాయివారి ముఖాలను తక్కువగా చదువుతామని హిల్లరీ ఎల్ఫెన్‌బైన్, నళినీ అంబాడీ 2002లో తేల్చారు. తలను పక్కలకు మెల్లగా ఊపి 'సరే' అనే మన అలవాటును విదేశాల్లో కొత్త సహోద్యోగులు 'కాదు' అనో 'చూద్దాం' అనో అర్థం చేసుకోవడం, అక్కడ పనిచేసే తెలుగువారికి తెలిసిన ఇబ్బందే.

ఎదుటివారి స్థానంలో నిలబడి ఆలోచించమన్న సలహా అయినా సాయపడుతుందా? తాల్ ఇయాల్, మేరీ స్టెఫెల్, నికొలస్ ఎప్లీ 2018లో ప్రకటించిన 25 ప్రయోగాల్లో ఇదే పరీక్షించారు. అలా ఊహించుకోమని చెప్పినందువల్ల అంచనాల ఖచ్చితత్వం పెరిగిన దాఖలా లేదు. భార్యాభర్తల విషయంలోనూ అంతే. అంచనా మెరుగుపడింది మాత్రం ఎదుటివారిని నేరుగా అడిగి, వారితో మాట్లాడే అవకాశం ఇచ్చినప్పుడే.

అడగకుండానే తెలుసుకోవాలన్న ఆరాటం ప్రభుత్వాలకూ ఉంది. అమెరికాలో విమానాశ్రయ భద్రతా సంస్థ ప్రయాణికుల హావభావాలను గమనించి ప్రమాదకారులను పట్టుకునే కార్యక్రమం మీద 2007 నుంచి సుమారు 90 కోట్ల డాలర్లు వెచ్చించింది. అటువంటి గుర్తింపు సాధ్యమని చూపే ఆధారాలు లేవంటూ ఆ దేశపు ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2013లో నిధులు తగ్గించమని సూచించింది. మన దేశంలో నార్కో పరీక్ష (మందు ఇచ్చి మగత స్థితిలో ప్రశ్నించడం), లై డిటెక్టర్, బ్రెయిన్ మ్యాపింగ్ (మెదడు తరంగాలను కొలవడం) అనే మూడింటినీ కొంతకాలం దర్యాప్తుకు అద్భుత సాధనాలుగా చూశారు. సెల్వి వర్సెస్ కర్ణాటక రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు 2010 మే 5న ఇచ్చిన తీర్పులో, వ్యక్తి సమ్మతి లేకుండా వీటిని జరపడం తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పేలా ఎవరినీ బలవంతపెట్టకూడదనే రాజ్యాంగంలోని 20(3) అధికరణానికీ, వ్యక్తి స్వేచ్ఛను కాపాడే 21వ అధికరణానికీ విరుద్ధమని చెప్పింది. మాట్లాడాలా, మౌనంగా ఉండాలా అన్న ఎంపిక ఆ మనిషిదేనని న్యాయస్థానం గుర్తించింది. లై డిటెక్టర్ పరీక్షకు ఒకరు ఒప్పుకున్నా, దాని వల్ల కలిగే శారీరక, మానసిక, చట్టపరమైన ఫలితాలను పోలీసులూ వారి న్యాయవాదీ ముందుగా వివరించాలనీ, ఆ సమ్మతిని మేజిస్ట్రేటు ఎదుట నమోదు చేయాలనీ జాతీయ మానవ హక్కుల సంఘం పెట్టిన నియమాలను ఆ తీర్పు తప్పనిసరి చేసింది.